ఎన్నారై సందేహాలు: యూదుల పక్కింట్లో దిగేముందు

న్యూజెర్సీలో ఎడిసన్‌ను ఆనుకొని ఉన్న హైలాండ్ పార్క్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే మనవాళ్ళు తరచుగా రెండు సంగతులు అడుగుతుంటారు. గుమ్మానికి ఏటవాలుగా బిగించి ఉన్న ఆ చిన్న గొట్టం ఏమిటి? శనివారం పక్కింటి యూదులు ఫోను ఎందుకు ఎత్తరు? ఈ రెండింటికీ సమాధానం వారి గ్రంథాల్లోనే ఉంది.

తెలుగు బైబిలు చూసినవారికి ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము వరకు ఉన్న అయిదు కాండాలు తెలిసే ఉంటాయి. యూదులకు అవే తోరా. దానిని నేటికీ తోలుపత్రంపై చేతితోనే రాస్తారు, వారానికొక భాగం చొప్పున ప్రార్థనామందిరంలో చదివి ఏడాదిలో పూర్తిచేస్తారు. నోటిమాటగా వచ్చిన ధర్మనిర్ణయాలు క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాగా రూపుదిద్దుకోగా, దానిపై తరతరాల పండితులు చేసిన వాదోపవాదాలన్నీ కలిసి తాల్ముద్ అయ్యాయి. బాబిలోనియా తాల్ముద్‌ను రోజుకొక పత్రం చొప్పున చదవాలని రబ్బీ (యూదు మతగురువు) మెయిర్ షపీరో 1923లో వియన్నా సభలో ప్రతిపాదించారు. మొత్తం 2,711 పత్రాలు కాబట్టి ఒక ఆవృత్తికి దాదాపు ఏడున్నరేళ్ళు పడుతుంది, ఇప్పటిది 2020 జనవరి 5న మొదలైంది. పొద్దున న్యూయార్క్ రైల్లో పక్క సీటాయన, నడుమ మూలమూ చుట్టూ వ్యాఖ్యానాలూ ఉన్న పెద్ద పుస్తకంలో తల దూర్చి కూర్చుంటే, మనవైపు పారాయణ చేసేవారిని కదిలించనట్టే ఆయననూ కదిలించకండి.

ఇక గుమ్మం సంగతి. ఆ గొట్టాన్ని మెజూజా అంటారు. లోపల ద్వితీయోపదేశకాండములోని రెండు భాగాలను 22 పంక్తుల్లో చేతితో రాసిన తోలుముక్క చుట్టి ఉంటుంది. ఈ మాటలను ఇంటి ద్వారబంధాలపై రాయమని అక్కడే ఆజ్ఞ ఉన్నందున, లోపలికి వెళ్ళేటప్పుడు కుడివైపుకు వచ్చేలా దానిని బిగిస్తారు. ఒక్క అక్షరం చెరిగినా అది పనికిరాదు కాబట్టి ఏడేళ్ళలో రెండుసార్లు విప్పి చూపించుకుంటారు. మీరు దిగిన ఇంట్లో పాతవారు వదిలేసిన మెజూజా కనబడితే, ఊడబీకి చెత్తబుట్టలో మాత్రం వేయకండి. ఇంటివారికో దగ్గరి ప్రార్థనామందిరానికో అప్పగించండి. దైవనామం రాసిన పత్రాలు శిథిలమైతే వారు పారవేయరు, భూమిలో పాతిపెడతారు.

శుక్రవారం సూర్యాస్తమయం ముందు నుంచి శనివారం చీకటిపడి చుక్కలు కనిపించేవరకు సబ్బాతు, అంటే వారి వారపు విశ్రాంతి దినం. ఆ సమయంలో చేయకూడని పనులను మిష్నా 39 రకాలుగా లెక్కపెట్టింది, నిప్పు రాజేయడం, రాయడం, వండడం వాటిలో ఉన్నాయి. నిష్ఠగా పాటించేవారు దీపం స్విచ్చి కూడా ముట్టరు, ఫోను ఎత్తకపోవడానికి కారణమూ ఇదే. పక్కింటాయన తలుపు తట్టి "మా వంటగది చీకటిగా ఉందండీ" అని ఊరుకుంటే విషయం అర్థం చేసుకోండి. తమ కోసం ఆ పని చేయమని ఇతరులను నేరుగా అడగడం కూడా సాధారణంగా వారికి కూడదు. ఆఫీసులోనూ ఇది గుర్తుంచుకోవాలి. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం రిలీజు పెట్టి యూదు సహోద్యోగిని కూర్చోబెట్టడం మర్యాద కాదు. అయితే యూదులందరూ ఇంత కచ్చితంగా ఉండరు. ఆచారాల్లో సడలింపు ఉన్న రిఫార్మ్ శాఖవారిలో చాలామంది శనివారం కారు నడుపుతారు, కాబట్టి ఎవరి పద్ధతి ఏమిటో వారినే అడగండి.

మనకు ఎక్కువ చిక్కు తెచ్చేది తిండి. పులిహోర శుద్ధ శాకాహారమే కదా అని గిన్నెలో పట్టుకెళ్తే, కోషర్ (యూదుల ఆహారనియమాలు) పాటించేవారు నవ్వుతూ తీసుకుంటారే గాని తినలేరు, ఎందుకంటే వండిన పాత్రలూ కోషర్ అయి ఉండాలి. ముక్కలు కోయని పండ్లు ఇవ్వండి, లేదా కోషర్ గుర్తున్న, సీలు విప్పని పొట్లం ఇవ్వండి. వసంతంలో వచ్చే పస్కా పండుగ వారంలో గోధుమతో చేసినవేవీ ఇవ్వకూడదు. తూర్పు ఐరోపా మూలాలున్న కుటుంబాల్లో చాలామంది ఆ వారం బియ్యం, పప్పులు కూడా మానేస్తారు.

మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టవద్దని తోరాలో మూడుచోట్ల ఉన్న మాట మీదే పాలనూ మాంసాన్నీ కలపని ఆచారమంతా నిలిచింది. ఆ ఆచారం దుకాణంలో మన శాకాహారులకు కొంత అక్కరకొస్తుంది. పొట్లంపై పరేవ్ అని ఉంటే అందులో పాలూ మాంసమూ లేవని అర్థం. కాని గుడ్లు, చేపలు పరేవ్ కిందికే వస్తాయి కాబట్టి, ఆ ముద్ర చూసి నిశ్చింతపడకుండా వెనుక ఉన్న పదార్థాల జాబితాను తప్పక చదవండి.