వాలెట్‌లో ఉండేది ఏమిటి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుణ్ణి. అమెరికాలో డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి నా 68వ పుట్టినరోజుకు కొంత బిట్‌కాయిన్ పంపుతానని, ముందుగా ఫోన్‌లో వాలెట్ వేసుకోమని అంటున్నాడు. ప్లే స్టోర్‌లో వెతికితే ఆ పేరుతో లెక్కలేనన్ని యాప్‌లు కనిపించాయి. ఒకటి ఆధార్, పాన్ అడుగుతోంది. మరొకటి ఏమీ అడగకుండా పన్నెండు ఇంగ్లీషు పదాలు చూపించి రాసుకోమంటోంది. దేన్ని నమ్మాలో దయచేసి తెలియజేయగలరు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు గమనించిన ఆ తేడాలోనే సగం జవాబు ఉంది. ఆధార్, పాన్ అడిగేది సాధారణంగా ఎక్స్ఛేంజి, అంటే మీ తరఫున నాణేలను తన దగ్గర ఉంచుకుని, మీ పేరున ఖాతా రాసే సంస్థ. పదాలు రాసుకోమనేది మీ నాణేల తాళాన్ని మీ చేతికే ఇచ్చే అసలైన వాలెట్. రెండింటినీ జనం ఒకే మాటతో పిలుస్తున్నందువల్ల తెలిసినవారు కూడా పొరబడుతున్నారు.

నిజానికి వాలెట్ అనే మాటే కాస్త తప్పుదారి పట్టిస్తుంది. పర్సులో నోట్లున్నట్టు ఫోన్‌లో బిట్‌కాయిన్లు ఉండవు. పొలాన్ని తలచుకోండి: పొలం ఊరి పొలిమేరలోనే ఉంటుంది, బీరువాలో ఉండేది దస్తావేజు మాత్రమే. అలాగే ఏ చిరునామాకు ఎంత చెందుతుందన్న పద్దు, 2009 జనవరి నుంచి నడుస్తూ, ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో నిల్వ ఉన్న బ్లాక్‌చైన్‌లో ఉంటుంది. ఆ పద్దులో మీ వాటాను ఇంకొకరికి బదలాయించడానికి సంతకంలా పనిచేసే రహస్య సంఖ్య ఒక్కటే వాలెట్‌లో ఉంటుంది. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. అయితే పోలిక ఇంతవరకే. దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలు తెచ్చుకోవచ్చు, అది దొంగ చేతికి చిక్కినంత మాత్రాన వాడు వెళ్లి పొలం దున్నుకోలేడు. ప్రైవేట్ కీ పోతే నకలు ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు, పరాయివాడి కంట పడితే వాడు యజమానితో సమానం. బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో ఒకాయన హార్డ్ డిస్కు 2013లో చెత్తలో కలిసిపోయింది. అందులోని కీకి చెందిన దాదాపు 8,000 బిట్‌కాయిన్లు పద్దులో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నా, ఆయన ఏళ్ల తరబడి పోరాడినా చెత్తకుప్పను తవ్వే అనుమతి మాత్రం రాలేదు.

మీరు చూసిన ఆ పన్నెండు పదాలు ఈ రహస్య సంఖ్యను మనుషులు రాసుకోగలిగేలా మార్చిన రూపం. కాబట్టి ఫోన్ పోయినా, పగిలినా ఫరవాలేదు. పదాలుంటే మరో ఫోన్‌లో అంతా తిరిగి వస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ ఎంపిక. ‘బిట్‌కాయిన్ కోర్’ అన్నిటికన్నా పాతది, దేన్నీ నమ్మకుండా మొత్తం పద్దును తానే సరిచూసుకునేది. కానీ ఆ పద్దు ఇప్పుడు 600 గిగాబైట్లు దాటింది కాబట్టి మీకు దాని జోలి అవసరం లేదు. కంప్యూటర్ మీద పనిచేసే ‘ఎలక్ట్రమ్’ 2011 నుంచి ఉంది. పద్దు మొత్తం దించుకోకుండా సర్వర్లను అడిగి తెలుసుకుంటుంది కనుక తేలికైనది, నమ్మదగినదే. అయినా 2018 డిసెంబరులో కొందరు దొంగలు తామే సర్వర్లు పెట్టి, ‘కొత్త వెర్షన్ దించుకోండి’ అని వాలెట్ తెర మీదే సందేశం కనిపించేలా చేశారు. ఆ లంకెను నమ్మి దించుకున్నవారి నాణేలు మాయమయ్యాయి. ఏ వాలెట్‌నైనా తయారీదారు సొంత సైటు నుంచి లేదా అక్కడ ఇచ్చిన లంకె ద్వారానే తీసుకోవాలి తప్ప, వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటన మీద నొక్కకూడదని అందరూ చెప్పేది ఇందుకే. పేరు ఎక్కువగా వినిపించే ‘మెటామాస్క్’ ప్రధానంగా ఈథీరియం అనే మరో క్రిప్టో నాణెం కోసం పుట్టినది, మీ పనికి తగినది కాదు.

మీ అబ్బాయి పంపేది చిన్న మొత్తమే అయితే ‘బ్లూవాలెట్’ వంటి, బిట్‌కాయిన్ ఒక్కదానికే పరిమితమైన ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్‌ను ఎవరైనా చూడగలిగే) ఫోన్ వాలెట్ చాలని నా అభిప్రాయం. వంద రకాల నాణేలు, వడ్డీ పథకాలు, ఆటలు అన్నీ ఒకే తెర మీద చూపించే యాప్ కన్నా ఒకే పని చేసేది కొత్తవారికి మేలు. నొక్కకూడనిది నొక్కే అవకాశం తక్కువ. పెద్ద మొత్తమైతే హార్డ్‌వేర్ వాలెట్ కొనండి. చెక్ దేశపు ‘ట్రెజర్’, ఫ్రాన్సుకు చెందిన ‘లెడ్జర్’ వంటివి పెన్‌డ్రైవంత పరికరాలు. ప్రైవేట్ కీ వాటిలోనే ఉండి, ఇంటర్నెట్ ఉన్న ఫోన్‌కు ఎప్పుడూ చేరదు. తయారీదారు దగ్గరే కొనండి, సెకండ్ హ్యాండ్ వద్దు. పెట్టెలో పదాలు ముందే అచ్చువేసిన కాగితం కనిపిస్తే అది మోసమే. పదాలు మీ కళ్ల ముందు ఆ పరికరం తెర మీదే పుట్టాలి.

పదాలు రాసుకునే విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం నష్టాలు ఇక్కడివే. చాలా వాలెట్లు ఈ పదాలను 2,048 ఇంగ్లీషు పదాలున్న ఒకే జాబితా నుంచి తీసుకుంటాయి. వాటిని తెలుగు లిపిలో రాసుకోకండి. ‘రైట్’ అని రాసుకున్నారనుకోండి, అది కుడివైపు అనే మాటా, రాయడం అనే మాటా? రెండూ ఆ జాబితాలో ఉన్నాయి! ఇంగ్లీషు అక్షరాల్లో, విడివిడిగా, వరుస సంఖ్య వేసి రాయండి. ఏ వాలెట్‌తో తయారయ్యాయో కూడా కింద రాయండి. ఎలక్ట్రమ్ పదాలు దాని సొంత పద్ధతిలో తయారవుతాయి కాబట్టి చాలా వాలెట్లలో చెల్లవు. ఫొటో తీయకండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. జెల్ పెన్నూ వద్దు. ఈ చివరి మాట పుస్తకాల్లో చదివింది కాదు: నేను రాసుకున్న కాగితం మీద ఒక వర్షాకాలం చెమ్మ తగిలి పదకొండో పదం అలుక్కుపోయింది. మొదటి అక్షరం మాత్రం లీలగా కనిపిస్తున్నందున, జాబితాలో ఆ అక్షరంతో మొదలయ్యే పదాలను ఒక్కొక్కటే పెట్టి చూస్తూ ఒక ఆదివారమంతా కూర్చున్నాను. పదాల్లో సరిచూపు లెక్క ఒకటి ఇమిడి ఉంటుంది కాబట్టి చాలా వాటిని వాలెట్ వెంటనే తిరస్కరించింది, సాయంత్రానికి అసలుది దొరికింది. రెండు మూడు పదాలు పోయి ఉంటే నా ఓపిక సరిపోయేది కాదు. అప్పటినుంచి బాల్ పాయింట్ పెన్నుతో రెండు ప్రతులు రాసి, రెండు చోట్ల ఉంచుతున్నాను.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. ముందుగా మీ అబ్బాయిని 20 వేల సతోషీలు మాత్రమే పంపమనండి. అవి చేరాక యాప్‌ను ఫోన్ నుంచి పూర్తిగా తీసేసి, మళ్లీ వేసుకుని, కాగితం చూస్తూ పన్నెండు పదాలు ఎక్కించండి. ఆ 20 వేలు తిరిగి కనిపిస్తే కాగితం సరైనదే. మిగతాది అప్పుడు పంపించుకోండి. ఈ పని పావుగంటలో అయిపోతుంది, చేసేవారు మాత్రం నూటికి ఒకరో ఇద్దరో ఉంటారని నా అనుమానం. కాగితం ఎక్కడుందో మీ శ్రీమతికి చెప్పి ఉంచండి. ఫోన్‌లో మీ అబ్బాయి గొంతే వినిపించినా పదాలు చదివి వినిపించకండి, ఈ రోజుల్లో గొంతు కూడా నకలు చేస్తున్నారు.

పన్ను సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. కొడుకు తండ్రికి ఇచ్చే బహుమతి గనుక అందుకున్నప్పుడు మీకు పన్ను పడదు. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం 30 శాతం పన్నుంది, పైన సెస్సు ఉంటుంది. మీ అబ్బాయి ఎప్పుడు, ఎంతకు కొన్నాడో ఆ రసీదులు ఇప్పుడే తెప్పించుకుని ఆడిటరుకు చూపించండి.

ప్రశ్న: నెలకు 2,000 రూపాయల చొప్పున ఎక్స్ఛేంజిలో బిట్‌కాయిన్ కొంటున్నాను. ‘తాళం నీది కాకపోతే నాణెం నీది కాదు, వెంటనే బయటికి తీసెయ్’ అని మిత్రుడు ఒత్తిడి చేస్తున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజం, తొందరపెట్టడమే తప్పు. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజిలు దివాలా తీశాయి. మన దేశంలో 2024 జులై 18న వజీరెక్స్ ఎక్స్ఛేంజి నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు దొంగల పాలయ్యాక, ఖాతాదారులు తమ క్రిప్టోను బయటికి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వచ్చింది. ఎక్స్ఛేంజి తెర మీద కనిపించే అంకె ఆ సంస్థ మీకు బాకీ ఉన్న మొత్తమే తప్ప మీ చేతిలోని నాణెం కాదని అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

అయితే నెలనెలా బయటికి తీస్తే ప్రతిసారీ ఉపసంహరణ రుసుము పడుతుంది, 2,000 రూపాయల్లో అది చెప్పుకోదగ్గ భాగమే అవుతుంది. పైగా వాలెట్ వాడడం అలవాటు లేనివారు హ్యాకర్ చేతిలో కన్నా సొంత పొరపాటు వల్లే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆ అలవాటు అయ్యేవరకు, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్ఐయూ) దగ్గర నమోదైన ఎక్స్ఛేంజిలోనే ఉంచుకుని, లాగిన్‌కు ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు, ఫోన్‌లోనే ఎప్పటికప్పుడు కొత్త అంకెలు చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఈలోగా పైన తెనాలి మాస్టారికి చెప్పిన పరీక్షను చిన్న మొత్తంతో ఒకసారి చేసి చూడండి. పోతే నిద్ర పట్టనంత మొత్తం పోగైనప్పుడు సొంత వాలెట్‌కు మార్చుకోవడం సబబు. ఆ అంకె ఎంతో మీకే తెలుస్తుంది.

బయటికి తీసేటప్పుడు చిరునామాను కాపీ చేసి అతికించాక మొదటి, చివరి అక్షరాలతో పాటు మధ్యలో కొన్నింటినీ సరిచూసుకోండి. కాపీ చేసిన చిరునామాను దొంగ చిరునామాగా మార్చేసే వైరస్‌లున్నాయి. పంపింది వెనక్కి రాదు.

ప్రశ్న: నా వాలెట్‌లో బదిలీ ఆగిపోతే టెలిగ్రామ్ గ్రూపులో సాయం అడిగాను. ‘సపోర్ట్’ అన్న పేరుతో ఒకరు సందేశం పంపి, వాలెట్‌ను ‘సింక్’ చేయాలని, ఒక సైటులో పదాలు ఎక్కించమన్నారు. ఎక్కించాను. ఇప్పుడు భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఈ ఉత్తరానికి అచ్చులో జవాబు వచ్చేదాకా ఆగడం కుదరదు కాబట్టి మీకు వెంటనే ఫోన్ చేశాం, మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాం. పదాలు ఒకసారి బయటపడ్డాక ఆ వాలెట్‌కు పిన్ మార్చినా, యాప్ తీసేసినా ప్రయోజనం లేదు. వేరే ఫోన్‌లో కొత్త పదాలతో కొత్త వాలెట్ తయారుచేసి, పాతదానిలో మిగిలినదంతా వెంటనే అక్కడికి పంపాలి. అప్పటికే పోయి ఉంటే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఫిర్యాదులో లావాదేవీ సంఖ్యను, నాణేలు వెళ్లిన చిరునామాను తప్పకుండా రాయండి. దొంగ వాటిని ఏదైనా ఎక్స్ఛేంజికి తరలిస్తే పోలీసులు అక్కడ ఆపించే అవకాశం ఆ రెండు వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. ‘పోయినవి తిరిగి రప్పిస్తాం’ అంటూ రుసుము అడిగేవారు ఈపాటికే మీకు సందేశాలు పంపుతూ ఉంటారు. వారికి జవాబివ్వకండి.