కాంక్రీటుతో ఓడ, జలాంతర్గామి కట్టవచ్చా?

కాంక్రీటు మునిగిపోదా, దానితో ఓడను, జలాంతర్గామిని కట్టడం సాధ్యమేనా అని మీరు అడిగారు. ఓడ తేలేది అది పక్కకు నెట్టే నీటి బరువును బట్టి. కాంక్రీటుకు మూడు రెట్లకు పైగా బరువుండే ఉక్కుతోనే కదా పెద్ద నౌకలు కడుతున్నారు. 1848లోనే ఫ్రాన్సులో జోసెఫ్ లూయీ లాంబో ఇనుప తీగల అల్లికకు సిమెంటు పూసి పడవ చేశాడు.

అసలు చిక్కు అలలతో వస్తుంది. నొక్కుడును బాగా తట్టుకునే కాంక్రీటు, లాగుడు దగ్గర అందులో సుమారు పదో వంతు బలమే చూపుతుంది. అల మీద ఓడ నడుము వంగిన ప్రతిసారీ ఒక వైపు లాగుడు తప్పదు. దెబ్బ తగిలితే ఉక్కు సొట్టపోతుంది, కాంక్రీటు పగులుతుంది. 1920లో మెక్సికోలోని టాంపికో దగ్గర రాతికట్టను గుద్దుకున్న ఎస్‌ఎస్ సెల్మా అనే కాంక్రీటు ఓడకు సుమారు 60 అడుగుల పగులు పడింది. 1922లో దాన్ని అమెరికాలోని గాల్వెస్టన్ దగ్గర ముంచి వదిలేశారు.

ఇలా ఇనుప అల్లికకు సిమెంటు పట్టించే పద్ధతిని ఫెర్రోసిమెంటు అంటారు. పది మీటర్ల ఫెర్రోసిమెంటు పడవ ఒకటి కట్టే పనిలో నేనూ చేయి వేశాను. చువ్వల మీద పొరలుగా కట్టిన కోళ్ల జాలీలోకి లోపలి నుంచి మాలు నొక్కి, బయట తాపీతో నునుపు చేశాం. వారాల తరబడి తడి గోనెలు కప్పి ఉంచాక చెక్క సుత్తితో తట్టి చూస్తే, అడుగున జానెడు మేర డొల్ల మోత వినిపించింది. ఉలితో తెరిచేసరికి చువ్వలు కలిసే చోట మాలు చేరనే లేదు, జాలీ తీగ కొత్తదానిలా మెరుస్తోంది. పైపూత మాత్రం అద్దంలా ఉంది! ఉప్పునీరు చేరితే ముందుగా తుప్పు పట్టేది అక్కడే.

విచిత్రమేమిటంటే, జలాంతర్గామికి కాంక్రీటు ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే లోతులో నీరు దాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. బయటి వ్యాసం 2.4 మీటర్లు, గోడ మందం 20 సెంటీమీటర్లు ఉన్న గొట్టాన్ని 100 మీటర్ల లోతుకు దించితే, గోడలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 60 కిలోల దగ్గర ఉంటుంది. మంచి కాంక్రీటు 400 కిలోల వరకు మోస్తుంది. 1970లలో అమెరికా నౌకాదళ ప్రయోగశాల బోలు కాంక్రీటు గోళాలను వందల మీటర్ల లోతున ఏళ్ల తరబడి ఉంచి పరీక్షించింది. అయితే గుండ్రదనం తప్పితే గోడలో మళ్లీ వంపు, దానితో లాగుడు వస్తాయి. తలుపు చుట్టూ బిగించిన ఉక్కు వలయం, దాన్ని పట్టుకున్న కాంక్రీటు ఒకే ఒత్తిడికి ఒకేలా కుదించుకోవు. అందుకే నేనైతే మొదట గొట్టాన్ని మనిషి లేకుండా తాడుతో దించి, పైకి తీశాక ఆ వలయం అంచునే తడిమి చూస్తాను.