పరిహారం బాగా ఇస్తామన్నా రైతులు పరిశ్రమలకు భూమి ఎందుకు ఇవ్వరు? మా అమ్మ సీతాఫలం చెట్ల లెక్క

పై ప్రశ్న అడిగినవారు వికారాబాద్ జిల్లా లగచర్ల సంగతి ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 2024 నవంబర్ 11న ఫార్మా పరిశ్రమల భూసేకరణపై ఊరివాళ్ల అభిప్రాయం తెలుసుకోవడానికి వెళ్లిన వికారాబాద్ కలెక్టర్‌పైనా అధికారులపైనా అక్కడ దాడి జరిగింది. ఆ నెల ముగిసేలోపే ప్రభుత్వం ఆ భూసేకరణ నోటిఫికేషన్‌ను ఉపసంహరించుకుంది. అధికారుల మీద చెయ్యి చేసుకోవడాన్ని నేను సమర్థించను. కానీ ‘డబ్బు ఇస్తామంటున్నా వీళ్లకు ఏం కావాలి’ అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అనేవాళ్లలో ఒక్కరు కూడా పంచనామా రోజున, అంటే అధికారులు వచ్చి పొలంలో ఏమేం ఉన్నాయో రాసుకునే రోజున, అక్కడ నిలబడి ఉండరు. నేను నిలబడ్డాను.

మాది జడ్చర్ల దగ్గర ఊరు. 2006లో మా చెలక (మెట్ట పొలం) పరిశ్రమల కోసం పోయింది. అప్పటికి నేను పదో తరగతి. దసరాకు ముందు రోజులు, కంది పూతకు వస్తోంది. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు, వెనకాల రిజిస్టరుతో ఒక గుమాస్తా, ఊరి కావలికారు. బోరు ఒకటి రాసుకున్నారు. మోటారు గది రాసుకున్నారు. వేపచెట్లు రెండు, మామిడి మూడు. పూడిపోయిన పాత బావిని రాయాలా వద్దా అని కాసేపు మాట్లాడుకుని అదీ రాశారు. రిజిస్టరు మూసేస్తుంటే మా అమ్మ అడిగింది: “సార్, గెట్టు మీద సీతాఫలాలు రాయలేదు.”

“అవి ఎవరూ నాటినవి కావమ్మా. వాటంతట అవే మొలిచినవి లెక్కలోకి రావు” అన్నాడు గుమాస్తా. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

మా అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. గెట్టు ఎక్కి ఒక్కో చెట్టు మొదలు మీద చెయ్యి వేస్తూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టుకుంటూ నడిచింది. చివరి చెట్టు దాకా వెళ్లి ఇరవై మూడు అని చెప్పి, ఆగి వాళ్ల వైపు చూసింది. గుమాస్తా పెన్ను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నాన్న “ఊరుకో, పెద్దవాళ్లతో వాదన ఎందుకు” అన్నాడు. ఆ రోజుకు కాయలు కళ్లు విప్పుతున్నాయి. ఇంకో వారంలో కోతకు వచ్చేవి.

ఆ ఇరవై మూడు చెట్లు అంటే ఏమిటో చెప్పాలి. ఏటా సీతాఫలాల కాలంలో అమ్మ తెల్లవారకముందే కాయలు కోసి గంపలో ఆకులు పరిచి సర్దుకుని, అప్పట్లో 7వ నంబరు జాతీయ రహదారి అనే కర్నూలు దారి పక్కన కూర్చునేది. మాగినవి ఒక పక్క, గట్టికాయలు ఒక పక్క. సంవత్సరం మొత్తంలో ఎవరినీ అడగకుండా ఆమె ఖర్చుపెట్టుకోగలిగిన డబ్బు అదొక్కటే. నా పరీక్ష ఫీజు, అక్క పుస్తకాలు, పండుగకు గాజులు అందులోంచే. కంది అమ్మిన డబ్బు, ఆముదాల డబ్బు నాన్న చేతికి వచ్చేవి. పాసుపుస్తకంలో ఉన్నది నాన్న పేరు. పరిహారం చెక్కు మీదా నాన్న పేరే. మా ఇంట్లో భూమి పోయిన రోజున ఇద్దరు నష్టపోతే, కాగితం మీద ఒక్కరే నష్టపోయారు.

ఇక పరిహారం ఎంత అనే సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎవరికో కోట్లు వచ్చాయని విని, రైతులంతా అలాగే బాగుపడ్డారనుకుంటారు. మాకు ఎకరాకు వచ్చిన దానితో జడ్చర్లలో ఇంటి స్థలం కూడా రాలేదు. కారణం రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఉంది. తర్వాత వచ్చిన 2013 భూసేకరణ చట్టం కూడా చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల దస్తావేజులు తీసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు చూస్తుంది, లేదా రిజిస్ట్రేషన్ విలువ చూస్తుంది, ఏది ఎక్కువైతే అది. మన పల్లెల్లో స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి అసలు ధరలో కొంతే దస్తావేజులో రాయించుకోవడం తరాల అలవాటు. ఆ తక్కువ అంకెనే తర్వాత మన భూమికి ధర కట్టడానికి వాడతారు. దళారులకు ఇది మనకంటే ముందే తెలుసు. నోటిఫికేషన్ వాసన వాళ్లకు ఎలా తగులుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కొత్త చట్టం పాత 1894 చట్టం కంటే మెరుగే, కాదనను. పాతదాంట్లో పరిహారంపై అదనంగా 30 శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) వచ్చేది, ఇప్పుడు 100 శాతం. భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదారులు, కూలీలు కూడా బాధితులేనని రాశారు. కానీ మా వైపు కౌలు నోటిమాట మీద నడుస్తుంది, కాగితం ఎక్కడ చూపిస్తారు? ప్రైవేటు కంపెనీకి భూమి సేకరించాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వం తన అవసరానికే తీసుకుంటే ఆ షరతు లేదు. పైగా మన రాష్ట్రం చేసుకున్న సవరణ ప్రకారం పారిశ్రామిక కారిడార్లలాంటి వాటిని సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించవచ్చు. సీతాఫలం చెట్టుతో ఎవరు బతుకుతున్నారో కనుక్కునే పని ఏదైనా ఉందంటే అది ఆ అంచనాయే. దాన్నే తప్పించారు.

లావుణి పట్టాల వాళ్ల, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు దున్నుకునేవాళ్ల, గతి ఇంకా అన్యాయం. ప్రభుత్వం ఇచ్చిన భూమే కదా, వెనక్కి తీసుకుంటాం అని బెదిరిస్తే చాలామంది నమ్మి ఇచ్చిందే తీసుకున్నారు. అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

మాకు చెప్పనిది ఇంకొకటి ఉంది. నాన్న చెక్కు తీసుకుంటూ సంతకం మాత్రమే పెట్టాడు. పరిహారం చాలదనే అభ్యంతరంతో తీసుకుంటున్నాను అని పక్కన రాయని వాళ్లకు, ఎక్కువ కోరుతూ కోర్టుకు పంపమని అడిగే హక్కు పోతుంది. పాత చట్టంలోనూ అంతే, కొత్త చట్టంలోనూ అంతే. మా పక్క పొలం ఆయన ఎవరో చెబితే ఆ ముక్క రాశాడు. ఏళ్ల తర్వాత కోర్టు ఆయనకు పెంచింది. అదే నోటిఫికేషన్ కింద భూమి పోయిన మిగతావాళ్లు ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లకూ పెంచే వీలుంది. మాకు తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది.

పోయిన నెల నారాయణపేట వైపు ఉన్న మా చిన్నమ్మ కొడుకు ఫోను చేశాడు, నోటీసు వచ్చిందన్నా, ఏం చేయమంటావు అని. ఇవ్వమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. చెక్కు మీద చెయ్యి పెట్టేముందు అభ్యంతరం రాయమన్నాను. సర్వేకు వచ్చిన రోజు చిన్నమ్మను ఇంట్లో ఉంచకుండా పొలానికి తీసుకెళ్లమన్నాను. గెట్టు మీద ఏమేం ఉన్నాయో ఆమె నోటితోనే చెప్పించి, రాసిన కాగితం నకలు అడిగి తీసుకోమన్నాను. పక్కనే కూర్చుని వింటున్న అమ్మ ఫోను అందుకుని, చెట్లు ఎన్ని ఉన్నాయో ఇప్పుడే లెక్కపెట్టి ఉంచుకోమని వాడికి చెప్పింది.