పానీయం చరిత్ర రాస్తున్న తమ్ముడికి

నల్లగొండ

తమ్ముడికి ఆశీస్సులు.

పార్లే కంపెనీ ఒకప్పుడు అమ్మిన గోల్డ్ స్పాట్ అనే గ్యాసు పానీయం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగా లొంగింది. అయితే మొదటి పేజీలోనే దాన్ని ‘నారింజ రసంతో చేసిన పానీయం’ అన్నావు. ఆ సీసాలో ఉన్నవి నారింజ రుచీ, రంగూ, చక్కెరా, గ్యాసూ మాత్రమే గాని రసం కాదు. బత్తాయి తోటల జిల్లాలో పుట్టినవాడికి పండుకూ పండు వాసనకూ ఉన్న తేడా ఒకరు చెప్పాలా? కోపగించుకోకు, తొలినాళ్లలో నేనూ ఇదే తప్పు రాసి సంపాదకుడి ఎర్రసిరా గీత చూసి తలదించుకున్నవాణ్నే.

ప్రకటనలకు రెండు పేజీలు ఇచ్చి, 1977ను ఒక్క వాక్యంలో దాటేశావు. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం) నిబంధనకు ఒప్పుకోక, తన పానీయం తయారీ సూత్రం గుట్టు విప్పడం ఇష్టంలేక కోకా-కోలా దేశం విడిచి వెళ్లకపోతే, పార్లే వారికి అంత ఖాళీ మైదానం దొరికేది కాదు. అక్కడ కాస్త నిలబడి రాయి.

అసలు కథ 1993లో ఉంది. తిరిగివచ్చిన కోకా-కోలా పార్లే నుంచి థమ్స్ అప్, లిమ్కా, సిట్రా, గోల్డ్ స్పాట్, మాజా అనే పేర్లను కొన్నది. ‘అమ్మేశారు, కనుమరుగైంది’ అని నువ్వు ముగించావు గాని, ఒకే ఒప్పందంలో చేతులు మారిన మాజా నిలిచి, గోల్డ్ స్పాట్ ఎందుకు పోయిందన్న ప్రశ్న వేసుకోలేదు. కొన్నవారికి నారింజ రుచిలో సొంత ఫాంటా ఉంది. మామిడి గుజ్జుతో చేసే మాజాకు సాటివచ్చే సరుకు వారి సంచిలో లేదు. నాకు తోచిన కారణమిదే. సొంత కోలా ఉండి కూడా థమ్స్ అప్‌ను ఎందుకు ఉంచుకున్నారని పాఠకుడు అడుగుతాడు, దానికీ జవాబు వెతుక్కో. ఆ ఫాంటా సైతం 1940లో, యుద్ధకాలపు జర్మనీలో కోలా ముడిసరుకు అందక, పాలవిరుగుడు నీటితోనూ ఆపిల్ పిప్పితోనూ పుట్టిందే; నారింజ రూపం 1955లో ఇటలీలోని నేపుల్స్‌లో వచ్చింది. గోల్డ్ స్పాట్ చోటు తీసుకున్నదాని పుట్టుక ఇది, నీ వ్యాసంలో ఒక పేరాకు తగును.

కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాటలను మాత్రమే నమ్ముకోకు. గడియారం సెంటరు చుట్టుపక్కల పాత కిరాణా కొట్లవాళ్లను కలిసి, ఖాళీ సీసాకు ఎంత డిపాజిట్ పట్టేవారో, పగిలిన సీసా నష్టం ఎవరి నెత్తిన పడేదో అడుగు. పాత సీసా ఒకటి దొరికితే వెలుతురుకు ఎత్తిపట్టి చూడు: పెట్టెల్లో ఒకదానికొకటి రాసుకుని, నింపినప్పుడల్లా అరిగి, నడుము చుట్టూ తెల్లటి గీత పడి ఉంటుంది. దాన్ని చూసి వచ్చాక మొదటి పేజీ తిరగరాసి పంపు.

నీ అన్న