త్రిత్వం, నైసియా, యూనిటేరియన్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల సభ పిలిచి, ఓటింగు పెట్టి యేసును దేవుణ్ణి చేశాడనీ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వం అక్కడే పుట్టిందనీ వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా? – పాఠకుడు, ఏలూరు

జవాబు: కాదు. నైసియా ఊరు ఉన్న బితునియ ప్రాంతం (నేటి టర్కీ) నుంచే గవర్నరు ప్లినీ 112 ప్రాంతంలో రోము చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిలా కీర్తిస్తూ పాడుతున్నారని అందులో ఉంది. అంటే ఆ సభకు రెండు వందల ఏళ్ల ముందే ఆరాధన ఉంది. 'త్రిత్వం' అనే అర్థమున్న లాటిన్ మాటను మూడో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి రచయిత టెర్టుల్లియన్ వాడాడు. అయితే ఆయన కుమారుణ్ణి తండ్రికంటే ఒక మెట్టు కిందే ఉంచాడు. ఆ మాట కనిపించగానే నేటి సిద్ధాంతమంతా అక్కడ ఉందనుకోవడం కూడా పొరపాటే.

నైసియాలో తగువు 'యేసు దేవుడా, ఉత్త మనిషా' అని కాదు. అలెగ్జాండ్రియా పెద్ద ఏరియస్ కూడా కుమారుడు సృష్టికి ముందే ఉన్నాడని ఒప్పుకున్నవాడే. కాకపోతే ఆ కుమారుణ్ణి తండ్రి కలగజేశాడనీ, ఆయన లేని స్థితి ఒకటి ఉండేదనీ వాదించాడు. సభ దానికి జవాబుగా 'కన్నవాడేగాని చేసినవాడు కాదు, తండ్రితో ఏకతత్వం గలవాడు' అని రాసింది. చివరిదాకా సంతకం పెట్టనన్న బిషప్పులు ఇద్దరే, ఇద్దరూ లిబియావాళ్లు. పరిశుద్ధాత్మ గురించి సభ రాసిన ఆ విశ్వాస ప్రమాణంలో ఉన్నది 'పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము' అన్న ఒక్క ముక్క. త్రిత్వ సిద్ధాంతం అక్కడ పూర్తి కాలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు కథ ఆ తర్వాతి 56 ఏళ్లలో ఉంది. చాలామంది దాన్ని దాటేస్తారు. కాన్‌స్టాంటైన్ కొన్నేళ్లకే ఏరియస్‌ను వెనక్కి పిలిపించి, నైసియా పక్షాన నిలబడిన అతనాసియస్‌ను దేశం దాటించాడు. 337లో చావు మంచం మీద బాప్తిస్మం తీసుకున్నదీ ఏరియస్ వైపు మొగ్గిన బిషప్పు యూసేబియస్ చేతుల మీదుగానే. 359లో ఇటలీలోని రిమిని సభ, అప్పటి చక్రవర్తి ఒత్తిడి మీద, 'తత్వం' అనే మాటనే తీసేసి 'తండ్రిని పోలినవాడు' అని సరిపెట్టింది. తర్వాత కప్పదొకియకు చెందిన బాసిల్, ఇద్దరు గ్రెగరీలు 'ఒకే తత్వం, ముగ్గురు వ్యక్తులు' అనే వివరణను నిలబెట్టారు. 380లో థియొడోసియస్ చక్రవర్తి దాన్ని శాసనంగా ప్రకటించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ తండ్రితో, కుమారునితో కూడ ఆత్మకూ ఆరాధన చెందుతుందని చేర్చింది.

త్రిత్వాన్ని ఒప్పుకోక, తండ్రి ఒక్కడే దేవుడనే యూనిటేరియన్లకు ఇక్కడ బలమైన వాదన ఉంది: అపొస్తలులకూ ఈ సూత్రానికీ మధ్య మూడు వందల ఏళ్లు ఉన్నాయి, చివరి మాట రాజశాసనానిది. అయితే ఆ శాసనాలు రెండు వైపులా పనిచేశాయి. రాజు అండ ఏరియస్ పక్షానికి దక్కిన ఏళ్లూ తక్కువేం కాదు. కాబట్టి చక్రవర్తి బలం ఒక్కటే చూపి ఎవరి సిద్ధాంతాన్నీ కొట్టేయలేం.

ప్రశ్న: యూనిటేరియన్లు, యెహోవా సాక్షులు, యేసు నామంలోనే బాప్తిస్మమిచ్చే సంఘాలవాళ్లు – త్రిత్వం వద్దనే వీళ్లంతా ఒకటేనా? – పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒకే గాటన కట్టకండి. 'మరియ గర్భంలో పడకముందు యేసు ఉన్నాడా?' అని అడిగి చూడండి, తేడా తేలిపోతుంది. యెహోవా సాక్షులు ఉన్నాడంటారు. దేవుడు మొదట సృజించినవాడు ఆయనే, ప్రధాన దూత మిఖాయేలు ఆయనే అంటారు. ఇది ఏరియస్‌కు దగ్గర. సొసీనస్ వెంట నడిచిన పోలండ్ యూనిటేరియన్లు, అంటే సొసీనియన్లు, లేడన్నారు. కన్యకు పుట్టాడు, దేవుడు ఆయన్ను లేపి హెచ్చించాడు, కానీ ఆయన బతుకు బేత్లెహేములోనే మొదలైందని వాళ్ల నమ్మకం. 1605లో రాకూవ్‌లో అచ్చైన వాళ్ల ప్రశ్నోత్తరి అదే చెబుతుంది. యేసు నామం సంఘాలది పూర్తిగా మరో దారి: తండ్రే యేసుగా వచ్చాడంటాయి. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ఉన్న బోధకు అవి దగ్గర.

యూనిటేరియన్లలోనూ పేచీలున్నాయి. క్రీస్తుకు ప్రార్థన చేయవచ్చన్నాడు సొసీనస్. కూడదన్నాడు ట్రాన్సిల్వేనియాలో (నేటి రొమేనియా) యూనిటేరియన్ నాయకుడు ఫెరెంక్ డేవిడ్. ఆ మాట మీదే ఆయన జైలుపాలై, 1579లో దేవా అనే ఊరి కోటలో చనిపోయాడు.

ప్రశ్న: ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో 1 యోహాను 5:7లో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ 'ఈ ముగ్గురు ఒక్కటే' అని ఉంది. మన తెలుగు బైబిల్లో లేదు. ఎవరు తీసేశారు? – పాఠకుడు, భీమవరం

జవాబు: ఎవరూ తీసేయలేదు, తర్వాత చేరింది. మీ తెలుగు బైబిలు తెరిస్తే అక్కడ సాక్ష్యమిచ్చేవారు ఆత్మ, నీళ్లు, రక్తం అని మాత్రమే ఉంటుంది. పాత గ్రీకు ప్రతులైన వాటికన్, సీనాయి ప్రతుల్లోనూ అంతే. అదనపు వాక్యం లాటిన్ ప్రతుల్లో పాకింది. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 అచ్చుల్లో దాన్ని వేయలేదు. విమర్శలొచ్చాయి, ఆ వాక్యం ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. అదీ అప్పటికి కొత్తగా రాసినదే. 1522 అచ్చులో చేర్చాడు, అక్కడినుంచి 1611 ఇంగ్లిష్ బైబిల్లోకి వచ్చింది. ఐజాక్ న్యూటన్ 1690లోనే ఈ చేర్పును ఎండగడుతూ రాశాడు.

త్రిత్వవాదులు ఈ వచనాన్ని వదులుకుంటే పోయేదేం లేదు. నాలుగో శతాబ్దపు గ్రీకు బిషప్పులు ఇది లేకుండానే వాదించి గెలిచారు. యూనిటేరియన్లు కూడా ఇది పోతే త్రిత్వం కూలిందని సంబరపడనక్కర్లేదు.

ప్రశ్న: మా బైబిలు స్టడీలో ఈ విషయం వస్తే గొడవే అవుతోంది. ఏ వచనాలు చూడాలి? – పాఠకుడు, ఒంగోలు

జవాబు: జతలుగా చదవండి. యోహాను 17:3లో యేసు తండ్రిని 'అద్వితీయ సత్యదేవుడు' అన్నాడు. అదే సువార్త 20:28లో తోమా 'నా ప్రభువా, నా దేవా' అంటే యేసు కాదనలేదు. గొడవ ఎక్కడొస్తుందంటే, ఒక వచనం చేతపట్టుకుని రెండోదాన్ని దాచడంలో. 'నేనును తండ్రియును ఏకమై యున్నాము' (10:30) ఒక్కటే చూపితే, శిష్యులూ అలాగే ఏకం కావాలన్న 17:22 ఎదురొస్తుంది. 'తండ్రి నాకంటె గొప్పవాడు' (14:28) ఒక్కటే చూపితే, అతనాసియస్ పేరుతో ఉన్న విశ్వాస ప్రమాణమే మానవత్వం విషయంలో కుమారుడు తండ్రికి తక్కువని ఒప్పుకుంటుందని అవతలివాళ్లు చూపిస్తారు. మార్కు 13:32, 1 కొరింథీ 8:6, ఫిలిప్పీ 2:6–11 ముందూ వెనకా కలిపి చదివాకే మాట్లాడుకోండి. నా లెక్కలో అన్నిటికంటే కష్టమైనది 1 కొరింథీ 8:6. 'ఒక్కడే దేవుడు, తండ్రి' అనే ముక్కను ఒక పక్షం పట్టుకుంటే, 'ఆయన ద్వారా సమస్తం కలిగింది' అని యేసును గురించి చెప్పిన ముక్కను రెండో పక్షం పట్టుకుంటుంది.

ప్రశ్న: మన దేశంలో యూనిటేరియన్లు ఉన్నారా? – పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉన్నారు. మద్రాసులో విలియం రాబర్ట్స్ అనే తమిళుడు 1795లో సంఘం పెట్టాడు. కలకత్తాలో రామమోహన్ రాయ్ 1820లో యేసు బోధలను అద్భుతాలు, సిద్ధాంతాలు లేకుండా ఏర్చి అచ్చువేస్తే సెరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ తీవ్రంగా ఖండించాడు. ఆ చర్చల్లోనే బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్ త్రిత్వం విడిచి యూనిటేరియన్ అయ్యాడు. నేటికీ నిలిచిన పెద్ద సంఘం మేఘాలయ ఖాసీ, జైంతియా కొండల్లోది. హజోమ్ కిస్సోర్ సింగ్ 1887 సెప్టెంబర్ 18న జోవాయ్‌లో దాన్ని మొదలుపెట్టాడు.