సొంతవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి మా అమ్మ మంచం పట్టింది. పగలు చూసుకోవడానికి నెలజీతం మీద ఆయాను పెట్టుకున్నాం. రాత్రిళ్లు, ఆదివారాలు నా భార్యే చూస్తుంది. ఇన్నాళ్లయినా ఒంటిమీద ఒక్క పుండు లేదని మొన్న డాక్టరుగారు నాతో ఆశ్చర్యపోయారు. ఆ వారంలోనే నా భార్య, "ఇంత చేస్తున్నా ఒక్కరూ మంచి మాట అనరు" అని కన్నీళ్లు పెట్టుకుంది. సొంతవాళ్లకు కృతజ్ఞతలు చెబితే పరాయివాళ్లను చేసినట్లుండదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మన ఇళ్లలో కృతజ్ఞతను నోటితో చెప్పుకోవడం తక్కువే కాబట్టి మీ సందేహం సహజం. అయితే తన పని ఎవరి కంటికీ ఆనడం లేదన్నదే ఆమె బాధ అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా ఉండాలంటే దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, తడిసిన బట్టలు వెంటనే మార్చాలి. పొలమారకుండా ఉండాలంటే తలగడ ఎత్తుపెట్టి నెమ్మదిగా తినిపించాలి. ఇవన్నీ సరిగ్గా జరిగినప్పుడు కీడేమీ జరగదు. జరగని కీడును ఎవరూ గమనించరు, అందుకే మెచ్చుకోరు.

ఇంట్లోవారి సంరక్షణ చూసే స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారని 2019 నాటి జాతీయ సర్వే తేల్చింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక గృహిణి చనిపోయిన రోడ్డు ప్రమాద పరిహారం కేసులో, ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ ఈ లెక్కలనే ప్రస్తావించి, గృహిణి శ్రమకు విలువ కట్టాలన్నారు. ఆ గృహిణి చనిపోయాక గానీ ఆ లెక్క వేయవలసిన అవసరం రాలేదన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ముందుగా, వారానికి రెండు రాత్రులు అమ్మగారి పక్కన మీరే పడుకోండి. నిద్ర తెగిన మనిషి చెప్పే మంచి మాటకు ఉండే బరువు వేరు. బంధువులు ఫోన్ చేసినప్పుడు "అమ్మ బాగుంది" అని ఊరుకోకుండా, ఎవరి వల్ల బాగుందో మీ భార్య వినేలా చెప్పండి.

ఆయా విషయంలో, జీతం ఇస్తున్నాం కదా అని సరిపెట్టుకోవద్దు. అలాగని పొగడ్త జీతానికి బదులు కాదు. తేదీ తప్పకుండా జీతం ఇవ్వండి, ఆదివారం సెలవుకు కోత పెడుతుంటే మానండి, ఆమెను పేరుతో పిలవండి, మీరు తాగే కప్పుల్లోనే ఆమెకూ టీ ఇవ్వండి.

డాక్టరుగారు మీతో అన్న మాట మీ దగ్గరే ఆగిపోయినట్లుంది. అది మీకు చెందినది కాదు. ఈ రాత్రి మీ భార్యకు, రేపు పొద్దున ఆయాకు చేరవేయండి.