పునాదిలోనే లక్షమంది

ఇంజినీరుగారి జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న వాళ్ల ఫుట్‌బాల్ స్టేడియం వీడియో పంపాడు. గేటులోంచి నేల మట్టానే లోపలికి నడిచాడు, తీరా చూస్తే కాళ్ల ముందు పేద్ద గొయ్యి! అందులో 1,07,601 మంది కూర్చుంటారట. ఒకేసారి అంత కట్టారా, పెంచుకుంటూ పోయారా? చివర ఆ ‘ఒకటి’ ఏమిటని మావారు అడగమన్నారు.
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పెంచుకుంటూనే పోయారమ్మా. కానీ పెంచాలన్న ఆలోచన 1927లో పునాదులు వేసిన నాడే ఉంది. నాకు ఆ స్టేడియం అంటే అంత ఇష్టం అందుకే.

ఒకసారి మీ మిద్దె ఎక్కి చూడండి. పిల్లర్ల కమ్మీలు రెండు మూడడుగులు పైకి వదిలేసి ఉంటాయి. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, వాటికే బట్టల తీగ కట్టుకుని ఉంటారు. రేపు పిల్లాడు సంపాదిస్తే పైన ఇంకో అంతస్తు వేద్దామని కదా! ఫీల్డింగ్ యోస్ట్ చేసిందీ అదే. ఫుట్‌బాల్ కోచ్‌గా పేరు తెచ్చుకుని, తర్వాత అక్కడి క్రీడా విభాగానికి డైరెక్టరయ్యాడు. (వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలికన్నా చేతికే పని ఎక్కువ.) ఎప్పటికైనా లక్షమంది వస్తారని ఆయన నమ్మకం. యూనివర్సిటీ పెద్దలు 72,000 సీట్లకే ఒప్పుకున్నారు. సరేనని అంతే కట్టాడు, పునాదులు మాత్రం రేపటి బరువుకు వేయించాడు. పైన ఇంకో పదివేల మందికి తాత్కాలికంగా చెక్కబల్లలు వేయించాడు.

డబ్బు కోసం 500 డాలర్ల బాండ్లు 3,000 అమ్మారు. కొన్నవాళ్లకు మ్యాచ్ టికెట్లు కొనుక్కునే హక్కు ఇచ్చారు. కట్టడానికి 9.5 లక్షల డాలర్లయింది.

ఇక ఆ గొయ్యి సంగతి. మూడొంతులు నేల కిందే ఉంటుంది. గట్టు వాలు మీదే మెట్లు కూర్చోబెడితే బరువు మట్టే మోస్తుంది, పిల్లర్లతో పని తగ్గుతుంది. కానీ అక్కడ తవ్వుతుంటే ఊట. ఒక క్రేన్ ఊబిలో దిగబడి ఇప్పటికీ అడుగునే ఉందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బావి తవ్వించినవాళ్లకు తెలుస్తుంది, ఊట పడ్డాక గోడ నిలబెట్టడం ఎంత టెన్షనో. అలాంటి చోట 440 టన్నుల కమ్మీ వాడి నిలబెట్టారు.

1927 అక్టోబరు 1న మొదటి మ్యాచ్‌కి వచ్చింది 17,483 మందే. మూడు వారాలకు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టుతో ఆడినప్పుడు 84,401 మంది! 1949లో చెక్కబల్లలు తీసేసి ఉక్కు గ్యాలరీలు వేశారు, సీట్లు 97,239 అయ్యాయి. 1956లో లక్ష దాటాయి. యోస్ట్ అది చూడలేదు, 1946లోనే పోయాడు. 2010కల్లా 22.6 కోట్ల డాలర్లతో తూర్పు పడమరల్లో పెద్ద భవనాలు లేచాయి. మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టింది 1954లో, అప్పటికే ఆ పునాదుల వయసు 27 ఏళ్లు.

నా ఉద్యోగం కొత్తలో చిత్తూరు వైపు ఒక గ్రౌండుకి ఏడు మెట్ల గ్యాలరీ కట్టించాను. ఖర్చు ఎక్కువని పైవాళ్లు ఎస్టిమేటులో పునాది లోతు కొట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో ఐదు మెట్లు వేయమని ఊరివాళ్లు వచ్చారు. చందాలు కూడా పోగుచేసుకుని వచ్చారు. ఒక మూల తవ్వించి చూస్తే మోకాలి లోతుకే పునాది అడుగు తగిలింది, కింద నల్లరేగడి. కుదరదని చెప్పాల్సి వచ్చింది. వాళ్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

ఒక విషయంలో మాత్రం మిషిగన్‌వాళ్లూ ముందుచూపు చూపలేదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు చోటు చాలా తక్కువ ఉండేది. వికలాంగులైన మాజీ సైనికుల సంఘం 2007లో కోర్టుకెక్కింది. 2008లో రాజీ కుదిరి, అలాంటి సీట్లు బాగా పెంచారు. గ్యాలరీ డ్రాయింగు ఎవరు గీసినా మొదటి గీత ర్యాంపుదే కావాలంటాను నేను.

మీవారి ప్రశ్న నాకు బాగా నచ్చింది. 1956లో సీట్లు 1,01,001 అయినప్పటి నుంచి ఎన్నిసార్లు మార్చినా చివర ఒకటి ఉంచుతూనే ఉన్నారు: 1998లో 1,07,501, 2010లో 1,09,901, ఇప్పుడు 1,07,601. మన చదివింపుల్లో నూటికి పైన పదహార్లు వేసినట్టే ఉంది కదా! ఆ ఒక్క సీటు ఫ్రిట్జ్ క్రిస్లర్‌దంటారు. యోస్ట్ తర్వాత క్రీడా విభాగానికి డైరెక్టరై, స్టేడియాన్ని లక్ష దాటించింది ఈయనే. అది ఏ వరుసలో ఉందో మాత్రం బయటికి చెప్పరు.